సూచనలు రాసేవాళ్ళు ఒకచోట కూర్చుంటే



విజయవాడలో జరుగుతున్న ఈ స్మారక సభలో మా మాస్టారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన పని పడలేదు. ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకి పాఠాల కంటే ఎక్కువగా గుర్తుండిపోయినవి వర్క్‌షాప్ గోడలకి ఆయన అంటించిన కాగితాలు. లేత్ ఆన్ చేసేముందు ఏమేం చూసుకోవాలి, చక్ కీ తీయడం మరిచిపోయి మోటారు వేస్తే అది ఎలా ఎగిరివచ్చి తగులుతుంది, గ్రైండింగ్ రాయికి ఎదురుగా కాకుండా పక్కకి ఎందుకు నిలబడాలి, ఇలాంటివి పదేసి వాక్యాల్లో, తెలుగులో రాసేవారు. రాసి ఊరుకునేవారు కాదు. మొదటి సంవత్సరం కుర్రాణ్ణి ఒకణ్ణి పిలిచి పైకి చదవమనేవారు. వాడు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని, మర్నాటికి ఆ వాక్యం మార్చి తెచ్చేవారు. టెక్నికల్ రైటింగ్ అనే వృత్తి ఒకటి ఉందనీ, దానికి సంఘాలూ సభలూ ఉన్నాయనీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ పని ఆయన ఉద్యోగ బాధ్యతల్లో లేదు. ఒక వాక్యం ఇలా ఉండాలా అలా ఉండాలా అని కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ కాలేజీలో రెండో మనిషి లేడు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ రెండో మనిషి గురించి. ఒంటరిగా రాసుకునేవాళ్ళకి తోటివాళ్ళు ఎలా దొరుకుతారు, దొరికినవాళ్ళు చెదిరిపోకుండా ఒక సమూహంగా ఎలా నిలబడతారు అన్నది నా ప్రశ్న. నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను. ఒక ఊళ్ళో, ఆ ఊరివాళ్ళే పూనుకుని పెట్టుకున్న చిన్న సభ ఆ పని చేయగలదు. ఉపన్యాసాలు ఎంత గొప్పగా ఉన్నా వాటితో అది జరగదు. ఉపన్యాసాలు లేని వేళల్లో వచ్చినవాళ్ళ చేత ఏం చేయిస్తాం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందు ఈ వృత్తి సంగతి రెండు మాటల్లో. యంత్రాన్నో మందునో సాఫ్ట్‌వేర్‌నో తయారుచేసినవాళ్ళకి తెలిసిన విషయాన్ని, దాన్ని వాడేవాళ్ళ చేతిలో పనికొచ్చేలా కాగితం మీద పెట్టడం టెక్నికల్ రైటర్ పని. 1949లో ఎకర్ట్, మాక్లీల కంపెనీ తయారుచేసిన బైనాక్ కంప్యూటర్‌కి జోసెఫ్ చాప్లిన్ రాసిన పుస్తకాన్ని మొదటి కంప్యూటర్ మాన్యువల్‌గా చెబుతారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ పనిలో మారనిది ఒంటరితనం. ఎంతోమంది ఇంజినీర్లున్న చోట రాసే మనిషి ఒక్కరుంటారు. ఆ ఒక్కరి పై అధికారి సాధారణంగా ఆ పని చేసినవాడు కాడు. ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ని మరో ప్రోగ్రామర్ చూస్తాడు, మాన్యువల్‌ని చూసే తోటి చెయ్యి ఉండదు. అన్నీ అయ్యాక, విడుదలకి రెండు రోజుల ముందు, ఇక రాసేయండి అంటారు. రాసినది బాగుంటే ఎవరికీ దాని ఊసే రాదు, తప్పుంటేనే పేరు బయటికొస్తుంది. ఇరవై ఏళ్ళు ఇలా గడిపినవాళ్ళని నేను ఎరుగుదును. వాళ్ళకి నైపుణ్యం కొరత కాదు. తాము చేసేది బాగుందో లేదో చెప్పగలవాళ్ళు చుట్టూ లేకపోవడమే వాళ్ళ లోటు.

ఈ లోటు తీర్చడానికి అమెరికాలో పెద్ద ప్రయత్నమే జరిగింది. 1953లో బోస్టన్‌లో ఒకటి, న్యూయార్క్‌లో ఒకటి రెండు సంఘాలు పుట్టాయి. 1957లో అవి ఒకటయ్యాయి, 1960లో లాస్ ఏంజెలెస్‌లోని మరో సంఘం వచ్చి కలిసింది, 1971లో సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ అని పేరు స్థిరపడింది. ఎస్‌టీసీ అని మనవాళ్ళు కూడా పిలుచుకున్న సంఘం ఇదే. దానికి భారతదేశంలో శాఖ ఉండేది. బెంగళూరు, హైదరాబాద్, పుణె, చెన్నై లాంటి ఊళ్ళలో రైటర్లు దాని నీడన కలుసుకున్నారు. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచాక సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకటొకటిగా వచ్చిన రోజుల్లో, ఇంగ్లీషు ఎమ్మే చేసి ఈ పనిలోకి వచ్చిన మావంటివాళ్ళకి ‘మీరొక్కరే కాదు’ అని మొదట చెప్పింది ఆ సమావేశాలే. ఆ రుణం నేను మరిచిపోను.

2025 జనవరి 29న ఎస్‌టీసీ తలుపులు మూసేసింది, దివాలాకి దరఖాస్తు పెట్టుకుంది. డెబ్బై ఏళ్ళు దాటిన సంఘం. రాబడి తగ్గి, బాకీలు మోయలేని స్థితికి వచ్చామని దాని పెద్దలే చెప్పారు. లెక్కల సంగతి వాళ్ళకి తెలుసు, నేను దాని జోలికి పోను. నన్ను ఆలోచింపజేసింది ఆ తరవాత జరిగినది. కేంద్ర సంఘం పోయినా, కొన్ని ఊళ్ళలో రైటర్లు కలుసుకోవడం మానలేదు. పాత పేరు వదిలేసి, కొత్త పేరుతో అదే బల్ల చుట్టూ కూర్చున్నారు. కొన్ని ఊళ్ళలో మాత్రం సంఘంతో పాటే అంతా పోయింది. ఏటేటా చందా కట్టి పత్రిక తెప్పించుకోవడంతో సరిపెట్టుకున్న చోట చందా ఆగగానే ఏమీ మిగలలేదు. కలిసి ఏదో ఒక పని చేసిన అలవాటు ఉన్న చోట మనుషులు మిగిలారు. నేను గమనించిన తేడా ఇదే.

ఇప్పుడు అసలు ఉదాహరణకి వస్తాను. అమెరికా పడమటి తీరంలో, ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ అని ఒక ఊరుంది. 2010లో ఎరిక్ హోల్షర్ మరో ఇద్దరితో కలిసి 48 గంటల ప్రోగ్రామింగ్ పోటీలో రీడ్ ది డాక్స్ అనే సాధనం తయారుచేశాడు. ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి సంబంధించిన మాన్యువళ్ళని ఉచితంగా ప్రచురించి పెట్టే ఏర్పాటు అది. దాన్ని నడుపుతూ ఉంటే అతనికి ఒక సంగతి కనబడింది. పుస్తకం పెట్టే అర సిద్ధంగా ఉంది, దాన్ని రాసేవాళ్ళు మాత్రం ఒకరికొకరు తెలియకుండా ఎవరి మూల వాళ్ళున్నారు. అతనూ, ట్రాయ్ హోవర్డ్, ఎరిక్ రెడ్మండ్ అనే ఇద్దరూ కలిసి 2013 ఏప్రిల్‌లో తమ ఊళ్ళోనే రెండు రోజుల సభ పెట్టారు. దాని పేరు రైట్ ది డాక్స్. పిలుపులోనే పెద్ద నిర్ణయం ఉంది. ‘టెక్నికల్ రైటర్’ అనే హోదా ఉన్నవాళ్ళు మాత్రమే రావాలని అనలేదు. డాక్యుమెంటేషన్ మీద శ్రద్ధ ఉన్న ఎవరైనా రావచ్చన్నారు. దాంతో రైటర్ల పక్కన ప్రోగ్రామర్లు కూర్చున్నారు, కస్టమర్ల ఫోన్లు ఎత్తేవాళ్ళు కూర్చున్నారు, లైబ్రేరియన్లు కూర్చున్నారు. మా మాస్టారు ఆ ఊళ్ళో ఉండి ఉంటే ఆయనకీ కుర్చీ దొరికేది. ఎస్‌టీసీ మెట్టు ఎక్కడానికి ఆయనకి ఎప్పటికీ తోచి ఉండేది కాదు, ఎందుకంటే తనను తాను రైటర్ అనుకోలేదు.

ఆ మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లో యూరప్ సభ మొదలై, తరవాత ప్రాగ్‌కి మారి కొన్నేళ్ళు అక్కడ జరిగింది. ఆస్ట్రేలియాలోనూ సభలు వచ్చాయి. నేను ఎక్కువగా చెప్పాలనుకునేది ఎన్ని దేశాలకి వెళ్ళిందని కాదు. పోర్ట్‌లాండ్‌లో వాళ్ళు సభని ఎలా నడిపారన్నది చెప్పాలి, ఎందుకంటే అది ఎవరైనా, ఏ ఊళ్ళోనైనా చేయగలిగింది.

ప్రధాన సభకి ముందురోజు ‘రాసే రోజు’ ఉంటుంది. ఒక పెద్ద గదిలో బల్లలు వేస్తారు. పని ఉన్నవాళ్ళు ఒక్కొక్కరు లేచి, మా ప్రాజెక్టు ఇది, దీని ఇన్‌స్టలేషన్ సూచనలు కొత్తవాళ్ళకి అర్థం కావడం లేదు, సాయం కావాలి అని చెప్పి ఒక బల్ల దగ్గరికి వెళ్తారు. నచ్చినవాళ్ళు వెళ్ళి ఆ బల్ల చుట్టూ కూర్చుంటారు. సాయంత్రానికి కొన్ని పేజీలు మారతాయి. కొత్తగా వచ్చిన పిల్లకి పదేళ్ళ అనుభవం ఉన్న మనిషి వాక్యాన్ని ఎలా విరుస్తాడో పక్కనే కూర్చుని చూసే అవకాశం దొరుకుతుంది. ఆ అనుభవజ్ఞుడికేమో, ఈ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని కొత్త పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూడడం పాఠం. మాస్టారు మొదటి సంవత్సరం కుర్రాణ్ణి పిలిచి చేసినది కూడా ఇదే. అక్కడ ఒక గది నిండా జనం ఒకేసారి చేస్తారు. మర్నాడు ఉపన్యాసాలు మొదలయ్యే వేళకి వచ్చినవాళ్ళలో చాలామందికి కనీసం ఒక బల్ల మీదివాళ్ళైనా పేరుపేరునా తెలిసి ఉంటారు. కొత్త మొహాల మధ్య గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడే అవస్థ చాలావరకు తప్పుతుంది. సభల్లో ఎవరూ పలకరించక, మధ్యాహ్నం భోజనం అవగానే వెళ్ళిపోయిన కొత్తవాళ్ళని మన దగ్గర నేను చూశాను. వాళ్ళు మళ్ళీ రారు.

కొత్తవాళ్ళు ఇలా ఒంటరిగా మిగలకుండా పోర్ట్‌లాండ్ వాళ్ళు పాటించే చిన్న పద్ధతి మరొకటి ఉంది. ప్యాక్‌మ్యాన్ సూత్రం అంటారు. పాత వీడియో గేములో నోరు తెరుచుకుని తిరిగే పసుపుపచ్చ గుండ్రం బొమ్మ గుర్తుందా? నలుగురు గుంపుగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు పూర్తి వలయంగా మూసుకోకుండా, ఆ బొమ్మ నోటిలాగా ఒకరికి చోటు వదిలి నిలబడాలన్నది నియమం. చోటు ఉందంటే దారిన పోయే మనిషి వచ్చి నిలబడతాడు. అతను రాగానే అందరూ కాస్త జరిగి మళ్ళీ ఒక చోటు వదలాలి. ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు. సభ మొదట్లో వేదిక మీద నుంచి చెప్పి తీరాలి, ఎందుకంటే మనుషులకి వలయం మూసుకోవడమే సహజంగా వస్తుంది. మన సభల్లో ఎవరి కంపెనీవాళ్ళతో వాళ్ళు, ఎవరి బ్యాచ్‌వాళ్ళతో వాళ్ళు నిలబడిపోవడం మీరూ చూసే ఉంటారు.

మిగతావి త్వరగా చెబుతాను. అప్పటికప్పుడు పేరు ఇచ్చి ఐదు నిమిషాలు మాట్లాడే వీలుంటుంది, వేదిక ఎక్కడం అలవాటులేనివాళ్ళు అలాగే అలవాటు పడతారు. ఎవరికి ఏ ప్రశ్న ఉంటే అది కాగితం మీద రాసి బల్ల మీద పెట్టి, ఆసక్తి ఉన్నవాళ్ళతో చర్చించుకునే వేళ ఉంటుంది. కంపెనీ డబ్బుతో వచ్చేవాళ్ళకి టిక్కెట్టు ధర ఎక్కువ, విద్యార్థులకీ ఉద్యోగం లేనివాళ్ళకీ తక్కువ. వక్త మాట్లాడుతూ ఉంటే ఆ మాటలు అక్షరాలుగా తెర మీద పడతాయి, వినికిడి తక్కువగా ఉన్నవాళ్ళు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు చదువుకుంటారు. ఉపన్యాసాల వీడియోలు తరవాత అందరికీ ఉచితం. సభని ఎలా ఏర్పాటు చేశామన్న వివరాన్ని కూడా వాళ్ళు రాసి పెట్టారు, వేరే ఊళ్ళో పెట్టుకోవాలనుకునేవాళ్ళు చూసి చేసుకోవచ్చు. డాక్యుమెంటేషన్ మనుషులు తమ పనిని తామే డాక్యుమెంట్ చేసుకోవడం నాకు చాలా నచ్చిన విషయం. 2020లో కోవిడ్ వచ్చి పోర్ట్‌లాండ్ సభ ఆన్‌లైన్‌కి మారవలసి వచ్చినప్పుడు, కాగితం మీద ఉన్న పద్ధతి చేతిలో ఉండడం ఎంత బలమో నాకు తెలిసివచ్చింది.

ఈ పద్ధతి వల్ల ఏం మిగులుతుంది? ఒక్క ఉదాహరణ చాలు. 2019లో ఆస్ట్రేలియాలో జరిగిన రైట్ ది డాక్స్ సభకి వెళ్ళిన కొందరు ఒక మాట అనుకున్నారు. ప్రతి ప్రాజెక్టు వాళ్ళూ పరిచయ పేజీ ఎలా రాయాలి, సూచనల పేజీ ఎలా రాయాలి అని మొదటినుంచీ తడుముకుంటున్నారు, నమూనాలు ఒకచోట తయారుచేసి ఉంచితే ఎవరైనా తీసుకుని వాడుకుంటారు కదా అని. ఆ మాటల్లోంచి గుడ్ డాక్స్ ప్రాజెక్ట్ మొదలైంది. ఇప్పుడు వేరువేరు దేశాలవాళ్ళు స్వచ్ఛందంగా ఆ నమూనాలు రాస్తున్నారు, ఒకరివి ఒకరు దిద్దుతున్నారు. సభ రెండు రోజుల్లో ముగిసింది, పని ఏళ్ళ తరబడి సాగుతోంది.

పోర్ట్‌లాండ్ సభకి చాలా ఏళ్ళు వేదికగా ఉన్న క్రిస్టల్ బాల్‌రూమ్ పాతకాలపు నాట్యశాల. అడుగు వేస్తే నేల మెత్తగా ఊగేలా కట్టారు. దాన్ని తెరిచింది 1914లో. సరిగ్గా ఆ ఏడాదే, ఏప్రిల్ 10న, మనం ఇప్పుడు కూర్చున్న ఈ ఊళ్ళో, రామమోహన గ్రంథాలయంలో ఒక సభ జరిగింది. గ్రంథాలయాలు నడిపేవాళ్ళు ఊరూరి నుంచీ వచ్చారు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. వెనకాల ఉండి నడిపించినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. దేశంలో గ్రంథాలయాల కోసం జరిగిన మొదటి సభల్లో అది ఒకటి.

అప్పటిదాకా ఒక ఊళ్ళో ఎవరో పది పుస్తకాలు కూడబెట్టి అరుగు మీద పెట్టి నడిపేవాళ్ళు, పక్క ఊళ్ళో ఇంకొకరు అదే పని చేసేవాళ్ళు. ఇద్దరికీ పరిచయం లేదు. బెజవాడ సభ వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టింది. అక్కడికక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. కొద్దికాలానికే గ్రంథాలయ సర్వస్వము అనే పత్రిక వచ్చింది. గ్రంథాలయ యాత్రలు చేశారు, గ్రంథాలయం నడిపేవాళ్ళకి శిక్షణ తరగతులు పెట్టారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి సభ జరిగింది, ఆ తేదీ నుంచే ఇప్పటికీ మన గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిరిగాయి. ఒక్క రోజు సభ ఇంత చేసిందని నేను అనను. ఆ రోజున పరిచయమైనవాళ్ళు ఇళ్ళకి పోయి మరిచిపోకుండా, చేతికి పని తీసుకుని వెళ్ళారు, అందుకే ఇదంతా జరిగింది. పోర్ట్‌లాండ్ నుంచి నేర్చుకోవలసింది నిజంగా ఉంది. అయితే సభ పెట్టి పని మొదలుపెట్టడం మన తాతలకి తెలియని విద్య కాదు, ముఖ్యంగా ఈ ఊరికి.

మరి మన దగ్గర ఇప్పుడు రాసేవాళ్ళు ఎవరు? సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోని రైటర్లు మాత్రమే అనుకుంటే మనం మాస్టారిని మళ్ళీ బయట నిలబెట్టినట్టే.

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో వందల పేజీల ఫైళ్ళు తయారుచేసేవాళ్ళున్నారు. ఒక మందుని అమెరికాలోనో యూరప్‌లోనో అమ్మాలంటే కామన్ టెక్నికల్ డాక్యుమెంట్ అనే పద్ధతిలో ఐదు భాగాలుగా వివరాలన్నీ పెట్టాలి. 2000లో అమెరికా, యూరప్, జపాన్ కలిసి ఒప్పుకున్న పద్ధతి అది. ఒక అంకె ఒక భాగంలో ఒకలా, ఇంకో భాగంలో ఇంకోలా ఉంటే ప్రశ్న వస్తుంది, నెలలు పోతాయి. ఒకే విషయాన్ని ఒకేచోట రాసి పలుచోట్ల వాడుకోవడం ఎలాగన్నది సాఫ్ట్‌వేర్ రైటర్లు ఏళ్ళుగా పట్టుకున్న సమస్య. అదే ఊళ్ళో, అదే మెట్రోలో తిరిగే ఈ రెండు రకాలవాళ్ళు ఒకరికొకరు తెలియరు. 2017లో పైకాన్ఫ్ అనే సభ మొదలుపెట్టిన హైదరాబాద్ పైథాన్ ప్రోగ్రామర్లు కళ్ళముందే ఉన్నారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళతో సభ నడపడం వాళ్ళకి చేతనైన పని. తెలుగు వికీపీడియా వాళ్ళు తమ పదేళ్ళ పండుగని 2014లో ఈ విజయవాడలోనే చేసుకున్నారు, తెలుగులో సమాచారం రాసేవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడితే ఎంత ఉత్సాహం వస్తుందో ఆ రోజుల్లో చూసినవాళ్ళు ఇక్కడా ఉన్నారు.

అయినా నా మనసు ఎప్పుడూ మరో కాగితం దగ్గర ఆగుతుంది. పురుగుమందు డబ్బా మీద చుట్టి ఉండే మడత కాగితం అది. తెలుగునాట అతి ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళే సాంకేతిక రచన బహుశా అదే. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతపు భాషలోనూ దాన్ని అచ్చువేయాలి. డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తు కింది సగంలో ఎరుపు రంగు ఉంటే అత్యంత విషం, పసుపు ఉంటే దాని తరవాతది, ఆ తరవాత నీలం, చివర ఆకుపచ్చ. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మోతాదు, విషం ఎక్కితే కనబడే లక్షణాలేమిటి, ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి, ఉంటాయి కూడా. అక్షరాలేమో ఆవగింజలంత.

మోతాదు సంగతి చూడండి. కాగితం మీద లెక్క హెక్టారుకి ఉంటుంది. ఒక మందు హెక్టారుకి 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్ళలో కలపాలని ఉందనుకుందాం. మన రైతు హెక్టార్లలో ఆలోచించడు, ఎకరాల్లో ఆలోచిస్తాడు. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. అంటే ఎకరానికి సుమారు 200 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్ళు. చేలో దిగాక ఎకరం లెక్కా పనికిరాదు. భుజాన వేసుకున్న ట్యాంకులో 16 లీటర్లు పడతాయనుకుంటే, ట్యాంకుకి ఎంత పోయాలన్నదే అతని ప్రశ్న. జవాబు 16 మిల్లీలీటర్లు. ఆ జవాబు చాలా కాగితాల్లో ఎక్కడా రాసి ఉండదు. మండుటెండలో, చేతికి తొడుగు లేకుండా, మూత తీసిన డబ్బా పట్టుకుని ఒక మనిషి ఈ మూడు మెట్ల లెక్క వేయాలి. అందుకని అతను కాగితం చదవడు. కొట్టువాడు చెప్పినట్టో, పక్క చేనువాడు పోసినట్టో మూత కొలతతో పోస్తాడు. ఎక్కువైతే అతని ఊపిరితిత్తులకీ చేనుకీ ముప్పు, తక్కువైతే పురుగు చావదు, డబ్బులు పోతాయి, మళ్ళీ కొట్టాలి.

ఈ కాగితం రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నియమంలో ఉన్నవన్నీ పెట్టారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలవాళ్ళు ఏటేటా వ్యవసాయ పంచాంగం వేస్తున్నారు, అందులో లీటరు నీటికి ఇంత అని రాసే పద్ధతి ఉంది, అది రైతుకి చాలా దగ్గర. పురుగుమందు కాగితం రాసేవాళ్ళూ, పంచాంగం రాసేవాళ్ళూ, కొత్త యాప్‌లో ఒక్కో తెర మీద ఒక్కో వాక్యం మాత్రమే పెట్టాలని తెలిసిన సాఫ్ట్‌వేర్ రైటరూ ఏనాడూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. ఆ బల్ల ఎవరూ వేయలేదు.

మనం వేద్దాం. ఇదే నా ప్రతిపాదన. ఈ స్మారక సమితి వచ్చే ఏడాది నాలాంటి మరొకరిని పిలిచి గంటసేపు మాట్లాడించడానికి బదులు, ఈ ఊళ్ళో ఒక రాసే రోజు పెట్టాలని కోరుతున్నాను. పెద్ద హోటలు అక్కర్లేదు. ఏదైనా కాలేజీ ఆదివారం ఒక హాలు ఇస్తే చాలు, బల్లలు కదిపి వేసుకోవడానికి వీలుండాలి, బిగించిన బెంచీలున్న గ్యాలరీ హాలు వద్దు. ఎనభై మంది వస్తే అది చాలా ఎక్కువ. స్పాన్సర్లు భోజనం పెట్టిస్తే సంతోషంగా తీసుకుందాం, వేదిక మీద తమ సరుకు గురించి చెప్పుకునే వేళ మాత్రం ఇవ్వద్దు. ఒకసారి ఇస్తే ఆ సభ రైటర్లది కాకుండా పోతుంది, తరవాత తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ఒక్కో బల్ల మీద ఒక్కో కాగితం ఉండాలి. ఒకదాని మీద పురుగుమందు మడత కాగితం. ఇంకోదాని మీద షుగర్ రోగికి ఇన్సులిన్ పెన్ను వాడే సూచనలు. మరోదాని మీద ఐటీఐ కుర్రాళ్ళకి లేత్ జాగ్రత్తలు, అది మాస్టారి బల్ల. సాఫ్ట్‌వేర్ వాళ్ళ బల్లలు ఎలాగూ ఉంటాయి, అవి ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, దాని గురించి తగువు పెట్టుకోవద్దు. ఉదయం రాయాలి, దిద్దాలి. మధ్యాహ్నం ఆ కాగితం నిజంగా వాడేవాళ్ళ చేత చదివించాలి. దీనికి వందల మంది అవసరం లేదు. ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలో ఉన్న ఇబ్బందులు చాలావరకు బయటపడతాయని వాడుక సౌలభ్యం మీద పనిచేసిన నిపుణుడు జాకబ్ నీల్సన్ చాలా ఏళ్ళ కిందటే చెప్పాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఐదుగురు రైతుల్ని దారిఖర్చులిచ్చి, కూలి నష్టం కట్టిచ్చి, గౌరవంగా పిలుద్దాం. కాగితం వాళ్ళ చేతిలో పెట్టి, అయ్యా, ఈ ట్యాంకుకి ఎంత పోస్తారో నీళ్ళతో కొలిచి చూపించండి అని అడుగుదాం. మందు వద్దు, నీళ్ళే. మనం నోరు మెదపకూడదు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టుకోవాలి. ఇబ్బంది కాగితానిది అని ముందే ఆయనకి చెప్పాలి, లేకపోతే తననే పరీక్షిస్తున్నారనుకుని చిన్నబుచ్చుకుంటారు.

సాయంత్రానికి తయారైన కాగితాలు ఎవరైనా తీసుకుని వాడుకునేలా ఉచితంగా బయట పెట్టాలి. ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో, ఏ వాక్యం ఎందుకు మారిందో కూడా రాసి ఉంచాలి, తెనాలిలోనో, వరంగల్‌లోనో, డాలస్‌లోనో మన పిల్లలు అలాంటి రోజు పెట్టుకోవాలంటే చూసుకోవడానికి. డాలస్ అని ఊరికే అనలేదు. అమెరికాలో మాన్యువళ్ళు రాసి బతుకుతున్న తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, సొంత ఊరి కాగితం ఒకటి దిద్దమంటే ఆనందంగా దిద్దుతారు. ఇప్పుడు కంప్యూటరే అంతా రాసేస్తోంది కదా, ఇంకా ఈ మనుషులెందుకు అని కొందరు అడుగుతున్నారు. కంప్యూటరు వాక్యం రాసిపెడుతుంది, నేనూ వాడుతున్నాను. ఆ రైతు ఏ వాక్యం దగ్గర ఆగాడో చూడడానికి మాత్రం అతని పక్కన ఒక మనిషి కూర్చోవాలి.

సమితివారితో నిన్న మాట్లాడాను. సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, తేదీ సంక్రాంతి తరవాత ఖాయం చేస్తామన్నారు. కోత పనులూ, పరీక్షలూ, కంపెనీల విడుదల తేదీలూ అడ్డం రాని ఆదివారం వెతకాలి, అందుకు మీ సాయం కావాలి. గుమ్మం పక్కన బల్ల మీద ఒక నోటుబుక్ ఉంది. వెళ్ళేటప్పుడు మీ పేరు రాయండి. పేరు పక్కన ఉద్యోగ హోదా రాయనక్కర్లేదు. మీరు రాసే కాగితం ఏమిటో, దాన్ని ఎవరు చదువుతారో, ఎక్కడ వాళ్ళకి అర్థం కావడం లేదని మీకు అనుమానంగా ఉందో రాయండి. బల్లలు ఎన్ని వేయాలో ఆ నోటుబుక్ చూసి నిర్ణయిస్తాం.